ఎర్ర ట్యాగు కట్టిన మందుడబ్బా

నాకు బీపీ వచ్చింది. అందరికీ వచ్చినట్టు వచ్చి ఊరుకోలేదు. డాక్టరమ్మ నా జబ్బకి పట్టీ చుట్టి, గాలి నింపి, అంకె చూసి, మిషను చెడిపోయిందనుకుని పక్కగదిలోంచి ఇంకోటి తెప్పించింది. ఆ రెండోది మొదటిదానికంటే అన్యాయంగా మాట్లాడింది. మరో రెండు రోజులు వరసగా వెళ్లి చూపించుకున్నా రెండు మిషన్లూ మాట మార్చలేదు. అప్పుడావిడ కాగితం మీద ఒకే ఒక్క మందు పేరు రాసి, "ఇందులోనే రెండు మందులు కలిసి ఉంటాయి. రోజుకి ఒకటి, రోజూ ఒకే టైముకి" అని చెప్పి, కాగితం నా చేతికి ఇవ్వబోతూ ఆగి, "మీరు దీన్ని విప్పరు కదా?" అని అడిగింది.

ఆ మాట అర్థం కావాలంటే మా భిలాయ్‌లో సుపేలా బజారు మందులషాపు దాకా రావాలి. అక్కడ అట్టలోంచి ఒక బిళ్ళ పైకి తోసి చూశాను. ఒక పక్క తెలుపు, ఒక పక్క గులాబీ రంగు, మధ్యలో వెంట్రుకంత సన్నటి అతుకు. ఆ అతుకు చూడగానే, ఆటోల హారన్లన్నీ మునిగిపోయేంత గట్టిగా నవ్వేశాను. షాపువాడు భయపడి, "క్యా హువా భయ్యా?" అన్నాడు. బీపీ బిళ్ళని చూసి నవ్వే రోగి అతని సర్వీసులో తగిలి ఉండడు. పాపం, అతనికేం తెలుసు. నాకు కనిపించింది బిళ్ళ కాదు, ఆ అతుకులోకి బ్లేడు దూరుస్తున్న మా ఎదురు క్వార్టరు మావయ్య. ఆయన పోయి ఏడాది దాటింది.

వరసకి ఆయన నాకేమీ కాడు. మా స్టీలుప్లాంటు క్వార్టర్ల సెక్టర్ 4లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళకి వరసలు చాలా సులువుగా కుదురుతాయి. నాన్నతో కలిసి డ్యూటీకి వెళితే చిన్నాన్న, అమ్మ చేతి కాఫీ తాగి బాగుందంటే మావయ్య. ఈయన కాఫీ తాగి, బాగుందని చెప్పి, ఆ తర్వాత కాఫీ వడపోసే పాత్ర విప్పి చూశాడు కాబట్టి రెండింతలు మావయ్య.

ప్లాంటులో, ఇనుముని రోలర్ల మధ్య సాగదీసే మిల్లులో ఫిట్టరు. రిటైరైంది ఆయనే గాని ఆయన స్క్రూడ్రైవరు కాదు. అందరూ కలం పెట్టుకునే చొక్కా జేబులో ఆయన స్క్రూడ్రైవరు పెట్టుకునేవాడు. పెళ్లిలో పట్టుచొక్కా వేసినా అది ఉండాల్సిందే. ఆయన జీవితసిద్ధాంతం ఒక్కటే: "ఇప్పి సూడకుండా దేన్నీ నమ్మకూడదురా." కొత్త ఫ్యాను కొంటే బిగించే ముందు విప్పేవాడు. కుక్కరు కొంటే వండే ముందు విప్పేవాడు. పెళ్లికొడుక్కి ఎవరో చదివించిన గోడగడియారాన్ని పందిట్లోనే విప్పి, ముహూర్తం ఏడు నిమిషాలు ఆపించాడు. పక్క క్వార్టరు క్రిస్టియన్ కుటుంబం వాళ్ల కీబోర్డు క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు మూగబోతే, ఆయన విప్పి, మళ్లీ బిగించాక మూడు స్క్రూలు మిగిలాయి. ఆ ఇంటావిడ ఆ మూడింటినీ అరచేతిలో పెట్టుకుని ఏడుపు మొహంతో నిలబడితే, "కంపెనీవోడు ఎక్కువ పెట్టీసినాడమ్మా" అని ఓదార్చాడు. మూడు స్క్రూలు లేకుండానే ఆ ఏడు అది అంతకుముందు కంటే బాగా పాడిందని వాళ్లే ఒప్పుకున్నారు.

ఇలాంటి మనిషికి బీపీ వచ్చింది. ఆయనకి అది జబ్బులా అనిపించలేదు, పాత ఉద్యోగంలా అనిపించింది. "ప్రెషరు గురించి నాకు సెప్తారేటి? హైడ్రాలిక్ లైనుల మీదే పుట్టీసి పెరిగీసినాను. పైపు సన్నబడితే ప్రెషరు ఎక్కుతాది. అంతే కదా." మొదట్లో ఆయనకి రెండు వేర్వేరు బిళ్ళలు ఉండేవి. అప్పుడూ అంకె అంత బాగా దిగలేదు. దానికి కారణం అత్తే నాకు చెప్పింది. "ఆదోరం ఏసుకోడురా" అంది.

"ఎందుకు మావయ్యా?" అని అడిగాను.

"బిళ్ళకి వీక్లీ ఆఫ్ అక్కర్లేదేటి? ఏడు రోజులూ డూటీ సేయిస్తే ఏ వర్కరైనా ఎదురు తిరిగీస్తాడు."

"మరి సోమవారం?"

"సోమారం రెండు. ఓవర్‌టైమ్."

యూనియన్‌లో పాతికేళ్లు జెండా పట్టిన మనిషితో కార్మిక హక్కుల మీద వాదించే ధైర్యం నాకు లేకపోయింది.

ఇదంతా నవ్వుకోడానికి బాగానే ఉంది గాని, ఆ రోజుల్లో ఆయనకి ఒక పెద్ద దిగులుండేది. కుడికంట్లో శుక్లం. ఎడమది అంతకుముందే మసక. ఆపరేషన్‌కి రెండుసార్లు రోజు ఇచ్చారు, రెండుసార్లూ పొద్దున్నే పట్టీ చుట్టి చూసి, "బీపీ ఇంతుంటే కత్తి పెట్టం" అని ఇంటికి పంపేశారు. మూడోసారి నెల రోజుల గడువిచ్చి, పొర ముదిరిపోతోంది, ఇంక ఆలస్యం చేస్తే కష్టమవుతుందని చెప్పారు. ఆ వారంలోనే ఆయన మా ఇంటి తలుపు గొళ్ళెం బిగిస్తూ, స్క్రూ తల మీద గాడి ఎక్కడుందో తెలియక బొటనవేలి గోరుతో తడుముకోవడం చూశాను. నాలుగుసార్లు జారింది. నేను సాయం చెయ్యబోతే చెయ్యి తోసేశాడు.

"కన్నుంటే ఫిట్టర్నిరా. కన్ను పోతే ఉత్త పెన్షనోణ్ని" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నవ్వలేదు. నాకు తెలిసి ఆయన నవ్వకుండా పూర్తిచేసిన వాక్యం అదొక్కటే.

అంకె దిగడం కోసమే డాక్టరమ్మ ఆ రెండు బిళ్ళల బదులు రెండూ కలిసిన ఒక్క బిళ్ళ రాసింది. రోజుకొక్కటే కదా, ముసలాయనకి గందరగోళం ఉండదని ఆవిడ ఆలోచన. ఫిట్టరు చేతికి అతుకున్న వస్తువు ఇస్తున్నానని ఆవిడకి తోచలేదు.

మూడో రోజు పొద్దున్న పేపరు కోసం వాళ్లింటికి వెళ్లాను. పేపరు ఉంది, చదవడానికి కాదు, బల్ల మీద పరిచి ఉంది. దాని మీద స్టీలు పళ్ళెం. పళ్ళెంలో వేలెడంత బెంచి వైసు. వైసు దవడల మధ్య, ఆపరేషన్ బల్ల మీద పేషెంటులా, బీపీ బిళ్ళ. మావయ్య ఒక చేత్తో భూతద్దం, ఇంకో చేత్తో సగం బ్లేడు పట్టుకుని ఊపిరి బిగబట్టి ఉన్నాడు.

"ఏం చేస్తున్నారు మావయ్యా?"

"ఊపిరి ఒదలకు, ఎగిరిపోద్ది. డీకప్లింగు."

నాకు అర్థం కాలేదు. ఆయన బ్లేడు దించి, పాఠం చెప్పే గొంతుతో, "రెండు మోటార్లు ఒకే షాఫ్టుకి కట్టీసినారు. ఇప్పుడు ఏది లోడు లాగుతోందో, ఏది ఉత్తినే తిరుగుతోందో నీకెలగ తెలుస్తాది? అందుకని ఇప్పీస్తన్నాను. తెల్లది పొద్దుట. గులాబీది సాయంత్రం. వారం రోజుల్లో దొంగ డూటీ సేసేదాన్ని పట్టీస్తాను" అన్నాడు.

వంటింట్లోంచి అత్త గొంతు వచ్చింది. "ఆ బిళ్ళకి నోరుంటే పోలీసోళ్ళకి సెప్పుకునేది."

"నీకు తెలీదు, నువ్వుండు."

"నాకు తెలీకపోడమేటి. పెళ్లయిన కాణ్ణించి సూస్తన్నాను. ఇప్పుతావు గాని బిగించవు."

"మరి మీరూ ఒకసారి బీపీ చూపించుకోవచ్చు కదత్తా" అని నేను మధ్యలో దూరాను.

"ఇంట్లో ఒక మిషను ఇప్పితే సాల్దేటిరా" అని ఆవిడ పప్పు తాలింపు పెట్టేసింది. సంవత్సరాల తరబడి ఎవరడిగినా అత్త చెప్పే జవాబు అదే.

నేనేం చేశాను? నవ్వాను. వీధి చివరిదాకా వెళ్లి, వైసు సైజు కొంచెం పెంచి, అందరికీ చెప్పాను. ఆ బ్లేడు లాక్కుని డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాలని మాత్రం నాకు తోచలేదు. మంచి కథ దొరికితే మనిషి కనపడని రోగం నాది. దానికింకా బిళ్ళ కనిపెట్టలేదు.

ఆ వారం బిళ్ళలు వైసులో ఎలా నలిగాయో ఆ దేవుడికే తెలియాలి. ఒకరోజు తెల్లదానికి గులాబీది సగం అంటుకుని వచ్చేది, ఇంకోరోజు రెండూ పొడై పేపరు మీద సినిమా ప్రకటనకి మందు పట్టేది. ఆదివారం యథాప్రకారం సెలవు. సోమవారం ఓవర్‌టైమ్ కింద కొత్తవి రెండు. అవి చాలవన్నట్టు ఇంకోటి కూడా ఉంది. ఫిట్టరన్నవాడు పాత పార్టు పారెయ్యడు. ముందు వాడిన వేర్వేరు బిళ్ళలు ఆవకాయ సీసాలో స్పేర్లుగా దాచాడు. ఆ సోమవారం తల కొంచెం బరువుగా ఉందని స్పేర్లలోంచి కూడా ఒకటి తీసి వేసుకున్నాడు.

వేసుకుని, నాతో సుపేలా వచ్చాడు. సందు మలుపులో ఒక ఆటో డగడగలాడుతూ ఆగి ఉంది. మావయ్య ఆగాడు. చెవి ఒగ్గాడు. ఆటో వెనకాల గొంతుక్కూర్చుని, చూపు ఆనదు కాబట్టి చేత్తో తడిమి, కారణం పట్టేశాడు. ఆ ఆనందంలో ఒక్క ఉదుటున లేచాడు. లేచినవాడు నిలబడలేదు. కళ్లు తేలేసి, చేతికి దొరికిన ఆటో డ్రైవరు కాలరు పట్టుకుని, ఇద్దరూ కలిసి పక్కనున్న జామపళ్ల బండి మీదకి వెళ్లిపోయారు. జామపళ్లు దుర్గ్ వైపు కొన్ని, రాయ్‌పూర్ వైపు కొన్ని దొర్లాయి. బండావిడ, ఛత్తీస్‌గఢీలో ఉన్న తిట్లన్నీ నేర్చుకోడానికి నాకు అవకాశమిచ్చింది.

డ్రైవరు కింద, మావయ్య పైన. డ్రైవరు, "క్యా హువా అంకల్?" అన్నాడు.

మావయ్య కళ్లు తెరవకుండానే, "సైలెన్సర్ కా బోల్ట్ ఢీలా హై" అన్నాడు.

అప్పుడు నాకు నవ్వు రాలేదు. ఆయన చెయ్యి పట్టుకుంటే చల్లగా, చెమటగా ఉంది. జేబులో స్క్రూడ్రైవరు లేదు, జామపళ్లలో ఎక్కడో పడిపోయింది. దాన్ని వెతకండి అని కూడా అడగలేదంటే పరిస్థితి ఎంత చెడిందో నాకు తెలిసింది. అదే ఆటోలో క్లినిక్కుకి తీసుకుపోయాం. డగడగలాడుతూనే.

డాక్టరమ్మ పుట్టి పెరిగింది భిలాయ్‌లోనే, ఖుర్సీపార్‌లో. వాళ్ల నాన్న ప్లాంటులో క్రేను నడిపేవాడు. తెలుగు ఇంట్లో విని నేర్చుకుంది, హిందీ బయట చదివి నేర్చుకుంది, కోపమొస్తే రెండూ కలిపేస్తుంది. ఆవిడ ఆయన్ని పడుకోబెట్టి, కాళ్ల కింద తలగడ పెట్టి, పట్టీ చుట్టింది. ఈసారి అంకె నేలమట్టంలో ఉంది. గంట గడిచి మనిషి తేరుకున్నాక, "ఇంట్లో ఉన్న మందులన్నీ తెండి, ఒక్కటీ దాచొద్దు" అని నన్ను పంపింది. నేను అన్నీ తెచ్చాను. అట్ట, ఆవకాయ సీసా, తెల్లపొడి పొట్లం, గులాబీపొడి పొట్లం, బ్లేడు, వైసు.

వైసుని ఆవిడ కాసేపు చూసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కుర్చీ ముందుకి లాక్కుంది.

"అంకుల్, ప్లాంట్‌లో రిపేర్ అప్పుడు మెషిన్ మీద లాల్ ట్యాగ్ కడతారు కదా. దాన్ని ఎవరు తియ్యాలి?"

మావయ్యకి అవమానం జరిగినట్టయింది. పిల్లల ప్రశ్న. "కట్టినోడే తియ్యాల."

"పెద్ద సాబ్ వచ్చి తియ్యమంటే?"

"ఆడి బాబొచ్చినా తియ్యకూడదు. లోపల మడిసుంటాడమ్మా. ఆడు బయటికొచ్చి ఆడి సేత్తో తియ్యాల. వేరేవోడు తీసి స్విచ్చేసినాడంటే లోపలోడు అయిపోనాడే."

"ఈ గోలీ రాసింది నేను. అంటే ట్యాగ్ కట్టింది నేను. నన్ను అడక్కుండా మీరెలా తీశారు?" ఆవిడ వేలు ఆయన ఛాతీ మీద పెట్టింది. "లోపల మనిషి ఉన్నాడు కదా అంకుల్."

మావయ్య పైకప్పు ఫ్యాను వైపు చూశాడు. ఆ ఫ్యాను బేరింగు అరుస్తోంది. మామూలు రోజైతే నిచ్చెన అడిగేవాడు.

"తప్పయిపోనాది" అన్నాడు. సెక్టర్ 4 చరిత్రలో ఆయన నోట ఆ మాట విన్న ప్రత్యక్షసాక్షిని నేనొక్కణ్నే.

అయినా ఫిట్టరు ఫిట్టరే. కాసేపటికి, "మరి ఏ మోటారు పన్జేస్తన్నదో ఎలగ తెలుస్తాదమ్మా?" అని గొణిగాడు.

"రెండూ కలిసే లాగుతాయి. ఒకటి మీ పైపుల్ని వదులు చేస్తుంది, ఒకటి అవి బిగుసుకోమని వచ్చే సిగ్నల్‌ని ఆపుతుంది. ఎంత ఎంత కలపాలో కొలిచి పెట్టారు. మీరు బ్లేడుతో గీస్తే ఎంత లోపలికి పోయింది, ఎంత పేపర్ మీద పోయింది? ఒకరోజు సగం, ఒకరోజు జీరో, ఒకరోజు ట్రిపుల్. మీ మిల్లుని ఇలా నడిపితే?"

"రోల్సు ఇరిగిపోతాయి."

"బస్. ఇంక వీక్లీ ఆఫ్ లేదు. ఓవర్‌టైమ్ లేదు. పొద్దున మర్చిపోతే ఆ రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. మర్నాడు దాకా గుర్తు రాకపోతే వదిలెయ్యండి, రెండు వెయ్యొద్దు. బాగుందని ఆపొద్దు, బాలేదని ఆపొద్దు. నాకు ఫోన్ చెయ్యండి. ఆ స్పేర్లు ఇటివ్వండి."

ఆవకాయ సీసా ఇస్తున్నప్పుడు ఆయన మొహం చూడాలి. ఆస్తి రాసిచ్చేవాళ్లు కూడా అంత బాధపడరు.

మర్నాడు పొద్దున్నే ఆయన మళ్లీ క్లినిక్కు ముందున్నాడు. చేతిలో మందుడబ్బా, ఎప్పటిదో ఒక పాత ఎర్ర ట్యాగు, ఇనుపతీగ, పటకారు. "నోటిమాట సెల్లదమ్మా. సంతకం ఉండాల" అన్నాడు. డాక్టరమ్మ, బయట పదిమంది రోగులు ఎదురుచూస్తుండగా, ట్యాగు మీద తన పేరు, తారీఖు రాసి సంతకం చేసి, ఆయన చెప్పినట్టే తీగని మూడు మెలికలు తిప్పి డబ్బా మూత మీది కొక్కేనికి కట్టింది. మూత తెరుచుకుంటుంది, ట్యాగు ఊడదు.

ఆ రోజు నుంచి ఆ డబ్బా ముందు ఆయన వర్కరు, డాక్టరమ్మ షిఫ్ట్ ఇన్‌చార్జి. షాపువాడు, "అంకల్, వేరే కంపెనీది ఉంది, అదే మందు" అంటే, "ట్యాగు కట్టినావిణ్ని అడిగి సెప్తాను" అని ఫోను తీసేవాడు. మోకాలినొప్పికి మా నాన్న ఇచ్చిన బిళ్ళ పుచ్చుకోలేదు. ఎవరో బీపీకి మంచిదని ప్రత్యేకమైన ఉప్పు తెచ్చిస్తే, ఆ ప్యాకెట్టు పట్టుకుని క్లినిక్కుకి పోయాడు. ఈ మందుతో ఆ ఉప్పు పడకపోవచ్చని ఆవిడ వద్దంటే, విజయం సాధించినవాడిలా తిరిగొచ్చి వీధంతా చూపించాడు. పాదాలు వాచినప్పుడు కూడా తనంతట తాను బిళ్ళ మానలేదు, వాచిన పాదాలతో నడిచి వెళ్లి చూపించాడు. ఆవిడ మోతాదు మార్చి, ట్యాగు మీద కొత్త తారీఖు వేసింది. కుర్చీలోంచి లేవడం కూడా మారిపోయింది. ముందుకి జరిగేవాడు, ఆగేవాడు, లేచేవాడు, మళ్లీ ఆగేవాడు, అప్పుడు నడిచేవాడు. ఆలోపు మేము టీ తాగేసేవాళ్లం. "మిల్లుని ఒక్కపాలి స్టార్టు సేస్తారేటి?" అనేవాడు.

నెల తిరిగాక మూడోసారి ఆపరేషన్‌కి వెళ్లాం. నర్సు పట్టీ చుట్టింది. నేను, అత్త గోడకి ఆనుకుని ఊపిరి ఆపాం. పట్టీలోంచి గాలి దిగుతున్న చప్పుడు భిలాయ్ అంతా వినపడిందనుకుంటాను. నర్సు, "ఠీక్ హై, అందర్ లేకే చలో" అని ఆపరేషన్ గది తలుపు తెరిచింది. అత్త అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

మర్నాడు కట్టు విప్పారు. ఆయన రెప్పలు ఆడించి, ముందు డాక్టర్ని చూడలేదు, అత్తని చూడలేదు, నన్నసలే చూడలేదు. బీపీ మిషను వైపు చూసి, "దాని స్క్రూ అడ్డంగా ఎక్కించీసినారు" అన్నాడు. నేను వెళ్లి చూశాను. నిజమే.

ఆ కన్నుతో మరో నాలుగేళ్లు మా సెక్టరులో విప్పదగినవన్నీ విప్పాడు, బిళ్ళ ఒక్కటి తప్ప. నిరుడు వానాకాలంలో జ్వరం వచ్చింది. అయిదో రోజు పోయాడు.

పదిహేను రోజులయ్యాక అత్త నన్ను పిలిచి స్కూటరు తియ్యమంది. ఒళ్లో మందుడబ్బా. "ఎక్కడికత్తా?" అంటే, "ట్యాగు తీయించాలి కదా. నానెలగ తీస్తాను" అంది. డాక్టరమ్మ మా ఇద్దర్నీ, డబ్బానీ చూసి, డబ్బా చేతిలోకి తీసుకుంది. తీగ మెలికలు విప్పబోతే వేళ్లకి లొంగలేదు. అత్త సంచిలోంచి పటకారు తీసి ఇచ్చింది. "రాదని నాకు తెలుసమ్మా." ట్యాగు ఊడాక డాక్టరమ్మ దాని మీద తన పేరు కింద 'పని పూర్తయింది' అని హిందీలో రాసి, సంతకం చేసి ఇచ్చింది. రాసే ముందు ఒకసారి, రాశాక ఒకసారి కళ్లజోడు తుడుచుకుంది.

ఇవన్నీ సుపేలా షాపు ముందు నిలబడే గుర్తు చేసుకున్నానని అబద్ధం చెప్పను. కొన్ని ఇంటికి వచ్చాక, ఆ బిళ్ళని సాసరులో పెట్టుకుని గోరుతో అతుకు మీద రాస్తూ గుర్తు చేసుకున్నాను. విప్పే ఉద్దేశం లేదు. అతుకు గట్టిదా కాదా అని చూస్తున్నానంతే. మా ఆవిడ అది చూసింది. చూసి నేరుగా ఎదురు క్వార్టరుకి వెళ్లింది.

అయిదు నిమిషాల్లో అత్త వచ్చింది. చేతిలో పటకారు, తీగ, అదే ట్యాగు. వెనకవైపు ఖాళీగా ఉంది.

"అది డాక్టరమ్మ కట్టాలి కదత్తా" అన్నాను.

"ఫోను సేసినాను. 'నా తరపున మీరే కట్టీయండి' అంది డాక్టరమ్మ." నేను కొత్త బిళ్ళలు పెట్టుకున్న డబ్బా లాక్కుని, ట్యాగు వెనకవైపు తన పేరు రాసింది. తీగ మూడు మెలికలు తిప్పింది. మావయ్య పక్కన యాభై ఏళ్లు నిలబడి చూసిన చెయ్యి, ఒక్క మెలిక కూడా తప్పలేదు.

నేను ఊరుకోవచ్చు కదా. "కట్టినవాళ్లే విప్పాలి కదత్తా. నాకింకా యాభై రెండే. నేను పోయేదాకా ఈ బిళ్ళ తప్పదు. అంటే రూలు ప్రకారం నువ్వు నాకంటే ఎక్కువ కాలం ఉండాలి" అన్నాను.

అత్త పటకారు పట్టుకునే వేళ్ల మీద లెక్కేసింది. లెక్క ఆవిడకీ తేలినట్టుంది.

"అయితే నా బీపీ కూడా సూపించుకోవాలి మరి" అంది. "స్కూటరు తియ్యి."